కాళ్ళు విన్న గంట

ఆ పిల్ల అరిచిందంటే ముందు లేచేది వీధి కుక్క. తర్వాత ఎదురింటి దర్జీ. ఆ తర్వాతెప్పుడో ఇంట్లోవాళ్ళు. బేకరీ ఇంటివాళ్ళ నిద్ర అలాంటిది మరి. తెల్లారకముందే లేచి పిండి పిసికే జనం, దిండు మీద తల ఆనించారంటే ఇల్లు పీకి పందిరేసినా కదలరు.

కింద బేకరీ, పైన కాపురం. కింద ముందు గదిలో గల్లా, గాజు బీరువాలు. వెనక గదిలో పిండి బల్ల, గోడ వారన మైదా బస్తాలు, చివర ఇటుకల భట్టీ. భట్టీ పొగగొట్టం పై అంతస్తు గోడని ఆనుకుని డాబా మీదికి పోతుంది. అందుకే పైన ఆ వెనక గది చలికాలంలో కూడా వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి గోడ పక్కనే మనవరాలికి మంచం వేయించింది అమ్మమ్మ. ముద్దు కొద్దీ చేసిన పని.

బేకరీ యజమానిని వీధిలో అందరూ పెద్దాయన అంటారు. ఆయన మాట్లాడేది బహు తక్కువ. బ్రెడ్డు పొట్లం చేతికిచ్చి తల ఒకసారి ఊపుతాడు, 'మళ్ళీ రండి' అని దానర్థం. రెండుసార్లు ఊపితే 'చిల్లర లేదు' అని. ఇద్దరి వంతు మాటలూ ఆయన భార్యే మాట్లాడుతుంది. ఇంట్లో మాటల ఖర్చంతా నా నెత్తిన పడిందని ఆవిడే అందరికీ చెప్పుకుంటుంది.

వాళ్ళ కూతురు మొగుడు ఓడలో వంటవాడు. ఈసారి వెళ్తే ఏడాదికి గాని రాడు. అందుకని ఆమె అద్దె ఇల్లు ఖాళీ చేసి, పిల్లని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని మేనమామ ఆ పిల్లని 'బన్ను' అన్నాడు. ఇప్పుడు ఆరేళ్ళకి పుల్లలా సాగింది, పేరు మటుకు గుండ్రంగానే ఉండిపోయింది.

బన్ను తల్లి పగలంతా గల్లా దగ్గర కూర్చుంటుంది. కూర్చుని ఊరికే ఉండలేదు. బేరాలు లేని మధ్యాహ్నాలు పుస్తకం ముందేసుకుని చదివి, రైలు గార్డు పరీక్ష రాసింది, నెగ్గింది. ఆకుపచ్చ జెండా ఊపి రైలుని కదిలించే ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ ఆమెకి అదే కోరిక. శిక్షణ వేరే ఊళ్ళో, రెండు నెలలు. వస్తున్నదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి.

ఆ మాట తెలిసిన రోజు పెద్దాయన కూతురి పళ్ళెంలో బ్రెడ్డు ముక్క ఇంకోటి వేశాడు. ఆయన సంతోషం అంతకంటే బయటికి రాదు.

అంతా బాగానే ఉంది, రాత్రిళ్ళే బాగోలేవు.

వచ్చిన కొత్తలో పిల్ల పైన ముందు గదిలో తల్లి పక్కన పడుకునేది, హాయిగా నిద్రపోయేది. వెనక గదిలో మంచం వేశాక మొదలైంది. తొలి నిద్రలోనే ఉన్నట్టుండి లేచి కూర్చునేది. కళ్ళు తెరిచే ఉంటాయి, ఎవరినీ చూడవు. గొంతు చించుకుని అరిచేది. ఒళ్ళంతా చెమట, గుండె దడదడ. దగ్గరికి పోతే తన్నేది, తల్లినే ఎవరో అన్నట్టు నెట్టేసేది.

పిల్ల జడుసుకుందని అమ్మమ్మ ఒకటే ఆదుర్దా. లైటు వేయడం, భుజాలు పట్టుకు కుదపడం, మొహాన నీళ్ళు చల్లడం, 'నేనమ్మా, అమ్మమ్మని, ఇటు చూడు' అని ఏడవడం. మేనమామ సగం నిద్రలో లేచి వచ్చి గుమ్మానికి తల కొట్టుకునేవాడు. కింద ఆఖరి పని ముగించుకుని పెద్దాయన మెట్లెక్కి వచ్చేసరికి గదంతా సంతలా ఉండేది. కుదపగా కుదపగా పిల్లకి తెలివొచ్చి, అప్పుడు మొదలెట్టేది అసలు ఏడుపు.

తెల్లారాక విచారణ. ఏం చూశావు, ఎవరొచ్చారు, ఎలా ఉన్నారు? పిల్ల కొన్నాళ్ళు నేల చూపులు చూసింది. ఒకరోజు పులి అంది. ఇంక చూడండి. పిల్ల కప్పుకునే దుప్పటి మీద పులిబొమ్మ ఉంది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అందరూ ఆ దుప్పటి మీద పడ్డారు. దాన్ని మడిచి అటక ఎక్కించారు. పాలడబ్బా మీద పిల్లిబొమ్మ ఉందని అమ్మమ్మ ఆ డబ్బా కూడా తిప్పి పెట్టింది. ఆ రాత్రీ పిల్ల అరిచింది.

మేనమామకి వేళాకోళం ఎక్కువ. 'ఏమే బన్నూ, రాత్రి ఎన్ని పులుల్ని తరిమావు?' అని పొద్దున్నే మొదలుపెట్టేవాడు. పిల్ల నవ్వేది కాదు. సాయంత్రమయ్యేసరికి మొహం వాడిపోయేది. పడుకోమంటే దాహమనేది, దాహం తీరితే ఆకలనేది. షట్టరు దించేదాకా కొట్లోనే తిరిగి, బస్తాల మీద తూగుతూ, ఆఖరికి ఎవరో ఒకరి భుజం మీద పైకి చేరేది.

కూతురు బన్నుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. తోడుగా ఇల్లంతా వెళ్ళింది, కొట్టుకి తాళం వేసి మరీ. డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని, పిల్లని పరీక్షించి, ఇది జబ్బు కాదంది. నిద్ర సగం తెగి సగం తెగకపోవడం వల్ల కొంతమంది పిల్లలకి ఇలా అవుతుందట. పెద్దయ్యేకొద్దీ పోతుందట. అరిచేటప్పుడు లేపొద్దు, కుదపొద్దు, పడిపోకుండా దగ్గర కూర్చుంటే చాలు, అదే సర్దుకుంటుంది. మర్నాడు దాని ఊసెత్తొద్దు. పెందలాడే పడుకోబెట్టండి, అలిసిపోయి పడుకుంటే ఇది ఎక్కువవుతుంది. అలా చెప్పి, ఆఖర్న ఒక ప్రశ్న అడిగింది. పిల్ల పడుకున్న కాసేపటికి ఇంట్లో గాని పక్కన గాని ఏదైనా పెద్ద చప్పుడు అవుతుందా?

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేదన్నారు.

"మా వీధి షట్టర్లు పడ్డాయంటే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందమ్మా" అంది అమ్మమ్మ.

పెద్దాయన కూడా తల అడ్డంగా ఊపాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చాక కూతురు తల్లికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది, లేపకూడదని. అమ్మమ్మ సరేనంది. ఆ రాత్రి పిల్ల కేక వేయగానే సరే కాస్తా గాలికిపోయింది. కళ్ళెదుట పసిది గిలగిల్లాడుతుంటే చేతులు కట్టుకు కూర్చోమంటే ఎలా, ఆ డాక్టరమ్మకి పిల్లలున్నారో లేరో అని మర్నాడు ఎదురు తిరిగింది. కూతురు వాదించలేదు. మంచం పట్టె మీద కూర్చుని, తండ్రి వింటుండగా అంది:

"నేను వెళ్ళను నాన్నా. రాసేస్తాను రానని. దీన్నిలా వదిలి అక్కడ జెండా ఊపితే నా చెయ్యి ఆడదు."

పెద్దాయన ఆ పూట పిండి మామూలు కంటే ఎక్కువసేపు పిసికాడు. కొడుకు చూసి, నాన్నా అది బ్రెడ్డుకా పగ తీర్చుకోడానికా అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. కూతురు పదేళ్ళప్పుడు రైలు గేటు దగ్గర నిలబడి ఆఖరి పెట్టెలో గార్డుకి చెయ్యి ఊపడం ఆయనకి గుర్తుంది. ఆ గార్డు తిరిగి ఊపితే ఆ రోజంతా అన్నం తినలేదు, సంబరంతో. ఇప్పుడు చేతికొచ్చింది జారిపోతోంది. ఎవర్ని అనాలి? పిల్లనా?

మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన బన్ను పిండి బల్ల దగ్గర స్టూలెక్కి కూర్చుంది. తాత ముద్దలు తుంచి ఇస్తుంటే అరచేతుల మధ్య గుండ్రంగా చేసి పళ్ళెంలో పెడుతోంది. ఇద్దరికీ అది ఇష్టమైన వేళ. తాత ఏమీ అడగడు కాబట్టి పిల్ల అన్నీ చెబుతుంది. ఆ రోజు పళ్ళెం సగం నిండేదాకా ముద్దలే చేసింది. తర్వాత తల ఎత్తకుండా అడిగింది.

"తాతా, రాత్రి నాకేమవుతుంది?"

"ఏం? నీకు తెలీదా?"

"నాకేం తెలుసు? నేను పడుకుంటాను. కళ్ళు తెరిస్తే లైటు ఉంటుంది. అందరూ నన్నే చూస్తుంటారు. అమ్మమ్మ ఏడుస్తుంటుంది. అమ్మ మొహం ఎలాగో ఉంటుంది. మామయ్య తలపట్టుకుని ఉంటాడు. ఏదో అయిందని నాక్కూడా భయమేస్తుంది."

పెద్దాయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మరి పులి?"

పిల్ల చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పులి రాలేదు తాతా. రోజూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. దుప్పటి చూసి చెప్పాను." ఇంకో ముద్ద అందుకుని, "ఆ దుప్పటి నాకు కావాలి. అది వెచ్చగా ఉంటుంది" అంది.

ఆయనకి నవ్వొచ్చింది, వెనకే తెలిసొచ్చింది. పిల్లకి లేని భయాన్ని ఇంటిల్లిపాదీ కలిసి రోజూ లేపి మరీ పెడుతున్నారు. ఆయన ముద్దని రెండుగా తుంచి పెద్దది పిల్లకి ఇచ్చాడు. ఏమీ చెప్పలేదు.

షట్టరు దించే ముందు మాత్రం చెప్పాడు. "ఈ రాత్రి బన్ను దగ్గర నేనుంటా. నేను పిలిస్తే తప్ప ఎవరూ రావొద్దు."

ఇంట్లో అందరూ పని ఆపి ఆయనకేసి చూశారు. ఒక్కసారే అన్ని మాటలు ఆయన నోట వినడం వాళ్ళకి కొత్త. దానికి తోడు, రాత్రి పూట భట్టీని ఆయన ఎవరికీ అప్పగించడు. ఆ పని ఆయనదే. కొట్టు కట్టేశాక, అమ్ముడుపోని బ్రెడ్డుని ముక్కలు కోసి పళ్ళేల్లో పేర్చి, చల్లారుతున్న భట్టీలోకి తోస్తాడు. ఆ తగ్గు వేడిలో అవి మెల్లగా ఆరి రస్కులవుతాయి. పళ్ళేలు తీసేదాకా ఆయన కిందే ఉంటాడు.

"అయితే రస్కులు నేను చూస్తాలే" అన్నాడు కొడుకు. "మాడితే నన్ననొద్దు."

మాడవు, గంట ఉందిగా అంది తల్లి.

పెద్దాయన ఇంకో పని కూడా చేశాడు. ఆ రోజు బన్నుని బస్తాల మీద తూగనివ్వలేదు. కొట్లో ఇంకా బేరాలు సాగుతుండగానే పైకి తీసుకెళ్ళాడు. అటక మీంచి పులి దుప్పటి దించి కప్పాడు. అమ్మమ్మ నోరు తెరవబోయి, ఆయన మొహం చూసి మూసేసింది. పిల్ల పులి మొహాన్ని సరిగ్గా గడ్డం కిందికి లాక్కుని నిద్రపోయింది.

ఆయన లైటు తీసేసి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పొగగొట్టం గోడ వెచ్చగా వీపుకి తగులుతోంది. వీధి సద్దుమణిగింది. ఎదురింటి దర్జీ మిషను ఆగిపోయింది. పిల్ల ఊపిరి మొదట తేలిగ్గా, పోను పోను బరువుగా, లోతుగా సాగింది. పొంగడానికి గుడ్డ కప్పి పెట్టిన పిండిలా నిశ్చింతగా ఉంది. ఇంత చక్కటి నిద్ర, దీన్ని చెడగొట్టేదేముంది అనుకున్నాడు. అనుకుంటూనే ఆయనకీ కునుకు పట్టింది.

తర్వాత ఆయనకి తెలిసింది తను నిలబడి ఉన్నానని.

ఎందుకు లేచాడో తెలియదు. చీకట్లో, స్టూలు దాటి, రెండడుగులు వేసి నిలబడి ఉన్నాడు. చేతిలో ఏదో గుడ్డ ఉంది. చూసుకుంటే అది పులి దుప్పటి కొస. దాన్ని అరచేతికి చుట్టుకుని ఉన్నాడు, వేడి పళ్ళెం పట్టుకోడానికి మసిగుడ్డ చుట్టుకున్నట్టు. గోడలోంచి ఖణఖణమని ఆఖరి మోత ఇంకా పోతోంది.

అదే క్షణాన పిల్ల లేచి కూర్చుని కేక వేసింది.

ముప్ఫై ఏళ్ళుగా మోగుతున్న గంట అది. ఆయన తండ్రికి చెముడు. రస్కులు మాడిపోతున్నాయని, బళ్ళో పెట్టేలాంటి పళ్ళెమంత కరెంటు గంట కొనుక్కొచ్చి, భట్టీ పక్కన పొగగొట్టం మొదట్లో బిగించాడు. చిన్న చక్రం తిప్పి వదిలితే వేళకి మోగుతుంది. పగలు కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మోతకి ఉలిక్కిపడి చేతిలోవి జారవిడుస్తారు. ఎందుకు ఉలిక్కిపడతారో ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేది కాదు. వాళ్ళ చెవులు ఎప్పుడో దాన్ని వినడం మానేశాయి. ఆయన చెవులు కూడా వినలేదు, కాళ్ళు విన్నాయి. దీపం కింద చీకటంటే ఇదే. గంట మోగే వేళకి ఆయన రోజూ కిందే ఉంటాడు. పళ్ళేలన్నీ తీసి, చేతులు తుడుచుకుని మెట్లెక్కేసరికి పిల్ల అరిచి, ఇల్లు లేచి, సంత సాగుతుంటుంది. రెంటినీ ఒకచోట చూసే వీలే లేకపోయింది.

ఇదంతా ఆయన ఆ తర్వాత కూర్చుని ఆలోచించుకున్నది. అప్పటికి మాత్రం పిల్ల అరుస్తోంది, చేతులు విసురుతోంది. ఆయన లైటు వేయలేదు, పట్టుకోలేదు. మంచం చివర తన ఒళ్ళే అడ్డంగా పెట్టి కూర్చున్నాడు, దొర్లితే తన మీదే పడేలా. ఒక తన్ను పొట్టలో తగిలింది. ఏదో ఒకటి మెల్లగా మాట్లాడాలనిపించింది. ఆయనకి జోలపాటలు రావు, కథలు రావు. వచ్చిందే అందుకున్నాడు.

"మైదా జల్లించాలి. ఉప్పు వేయాలి. గోరువెచ్చటి నీళ్ళు పోయాలి. పిసకాలి. గుడ్డ కప్పాలి. పొంగాలి. తొందరపడకూడదు. పొంగాక మళ్ళీ పిసకాలి..."

గుమ్మంలో అమ్మమ్మ నీడ కదిలింది, చేతిలో చెంబుతో. వెనక కూతురు. ఆయన తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. అమ్మమ్మ ఆగింది. ఆ చెంబు ఒరిగి కొన్ని నీళ్ళు ఆవిడ కాళ్ళ మీదే పడ్డాయి. మాట్లాడకుండా ఆవిడ అంతసేపు నిలబడటం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఆయన చెబుతున్న బ్రెడ్డు రెండోసారి భట్టీలోకి వెళ్ళేలోపల పిల్ల అరుపు సన్నగిల్లింది. ఏదో గొణిగింది. పక్కకి ఒరిగి, దుప్పటి వెతుక్కుని, పులిని లాక్కుని పడుకుంది. ఆ ఊపిరి మళ్ళీ లోతుకి దిగింది.

అందరూ చీకట్లోనే నిలబడ్డారు. మెట్ల మీంచి కొడుకు గొంతు వినిపించింది, రస్కుల పళ్ళేలు తీసేశాననీ పైన ఏం జరిగిందనీ గుసగుసగా అడుగుతూ.

"గంట" అన్నాడు పెద్దాయన.

"ఏ గంట?" అంది అమ్మమ్మ. నిజంగానే అడిగింది.

మర్నాడు పొద్దున్న పిల్ల లేచి పళ్ళు తోముకుని వచ్చి కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. కొడుకు మాత్రం ఉగ్గబట్టుకోలేక చచ్చాడు. నాలుక చివరి దాకా వచ్చిందాన్ని మింగి, "బన్నూ, పాలు తాగావా?" అన్నాడు. పాలు తాగుతున్న పిల్ల మేనమామకేసి జాలిగా చూసింది.

ఇక నమ్మకం కుదర్చాలి. అమ్మమ్మ నమ్మలేదు. అంత గంట మోగుతుంటే నాకు వినపడకుండా ఉంటుందా అంది. మధ్యాహ్నం ఆవిణ్ణి పై గదిలో కూర్చోబెట్టి, కింద కొడుకు గంట మోగించాడు. దిగొచ్చి ఎప్పుడు మోగిస్తావురా అని అడిగింది. కొడుకు నవ్వీ నవ్వీ పిండిలో చెయ్యి పెట్టేశాడు. రెండోసారి గోడకి చెవి ఆనించి విని, 'అమ్మో' అని అక్కడే కూలబడింది. పిల్లకి వెచ్చగా ఉంటుందని ఏరి కోరి ఆ గోడ పక్కన మంచం వేయించింది తనే కదా. పెద్దాయన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ఆ గంట బిగించింది నా తండ్రి, తిప్పింది నేను అని వేళ్ళతో చూపించాడు. మాటల్లో చెప్పలేదు గాని ఆవిడకి అర్థమైంది.

ఆ సాయంత్రం ఆయన నిచ్చెన వేసుకుని గంట పళ్ళెం మర విప్పి తీసేశాడు. మంచాన్ని అటు గోడ పక్కకి జరిపించాడు. గంట లేకపోతే రస్కులు మాడవా అని కొడుకు అడిగాడు.

"ముక్కుంది" అన్నాడు పెద్దాయన.

ముక్కు ఉన్న మాట నిజమే. ముప్ఫై ఏళ్ళుగా దానికి పని లేదన్నది ఆయన మర్చిపోయాడు. ఆ రాత్రి భట్టీ ముందు స్టూలు వేసుకుని, వాసన కోసం కాచుకుని కూర్చున్నాడు. ముందు రాత్రి జాగరం ఉందాయె. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుర్రు పెట్టాడు. కొడుకు గల్లా మీద తల పెట్టాడు. పైన ఆడవాళ్ళిద్దరూ అరుపు కోసం చెవులు రిక్కించుకుని, ఎంతకీ రాకపోయేసరికి ఆ నిశ్శబ్దంలోనే నిద్రపోయారు.

చివరికి ఆ ఇంట్లో మేలుకున్నది ఒక్క బన్నే. కళ్ళు తెరిచింది. లైటు లేదు. తనకేసి చూసే మొహాలు లేవు. అమ్మ పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పిల్ల కాసేపు ఆ కొత్తదనాన్ని చూసుకుంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, దుప్పటి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి, తాత మోకాలు తట్టింది.

"తాతా, ఏదో మాడుతోంది."

పళ్ళేలు పళ్ళేలే బొగ్గయ్యాయి. పొగకి అందరూ దగ్గుతూ లేచారు. ఎదురింటి దర్జీ కిటికీ తెరిచి, పిల్ల అరవడం మానేసిందనుకుంటే ఇప్పుడు ఇల్లు తగలెడుతున్నారా అని కేకేశాడు. అమ్మమ్మకి నవ్వు ఆగలేదు. నవ్వుతూ నల్లటి రస్కు ఒకటి మొగుడి చేతిలో పెట్టి, "ఇదిగో మీ ముక్కు" అంది. బన్ను మొదటిసారి ఆ ఇంట్లో రాత్రి పూట నవ్వింది.

ఆ మర్నాడు కొడుకు వెళ్ళి, అరచేతిలో పట్టే చిన్న టైమరు కొనుక్కొచ్చాడు. జేబులో వేసుకుంటే సన్నగా కిచకిచమంటుంది. పెద్దాయన దాన్ని కొన్నాళ్ళు అనుమానంగా చూసి, జేబులో వేసుకున్నాడు.

అంతటితో అన్నీ తీరిపోయాయని కాదు. గంటే మొత్తానికి కారణమని డాక్టరమ్మ కూడా అనలేదు. మళ్ళీ వెళ్ళి చెబితే ఆవిడ పడీపడీ నవ్వి, అదొక్కటే కాదు, వేళకి పడుకోవడం కూడా పనిచేస్తోంది, అయినా మధ్య మధ్య ఎప్పుడైనా రావచ్చు, కంగారు పడకండి అంది. అలాగే వచ్చింది. బడిలో ఆటల పోటీల రోజున ఎండలో పరుగెత్తి, అలిసిపోయి, కొద్దిగా ఒళ్ళు వెచ్చబడి పడుకుంది. నెలాఖరు ఇంకా రాలేదు. కూతురు అప్పటికీ అటో ఇటో తేల్చలేదు. వరసగా నిశ్శబ్దంగా గడిచిన రాత్రులు చూసి కూడా ఆమెకి ధైర్యం చాల్లేదు. ఈ రాత్రి బాగుంది సరే, నేను లేని రాత్రి ఎలాగుంటుందో అని లోపల పీకుతూనే ఉంది.

కేక వినగానే ఆమె లేచింది. పాత అలవాటు కొద్దీ మంచం దాకా పరుగెత్తబోయి ఆగింది. అప్పటికే అమ్మమ్మ అక్కడుంది. లైటు వేయలేదు. చెంబు లేదు. మంచం చివర, ముసలాయన కూర్చున్నట్టే అడ్డంగా కూర్చుంది. చీర చెంగు తన నోట్లో కుక్కుకుంది, ఏడుపు బయటికి రాకుండా. ఒక తన్ను తగిలింది, కదల్లేదు. కాసేపటికి చెంగు తీసి, పిల్ల వీపు మీద గాలిలాగా చెయ్యి ఆడిస్తూ మొదలుపెట్టింది.

"మైదా జల్లించాలి. ఉప్పు వేయాలి. గోరువెచ్చటి నీళ్ళు పోయాలి..."

గుమ్మంలో కొడుకు వచ్చి నిలబడ్డాడు. తల కొట్టుకోలేదు. నేల మీద రెండు దిండ్లు పరిచి, ఎలా వచ్చాడో అలా వెళ్ళిపోయాడు. పిల్ల గొణిగి, ఒరిగి, నిద్రపోయింది.

"ఈస్టు మర్చిపోయావమ్మా" అంది కూతురు చీకట్లో.

"నీ తండ్రి చెప్పలేదుగా" అంది తల్లి ముక్కు చీదుకుంటూ. "చెప్పినవే చెప్పాను."

కూతురు గోడకి ఆనుకుని అక్కడే కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చీకట్లో తెలియలేదు. తెల్లవారి గల్లా తెరవకముందే, వస్తున్నానని శిక్షణ వాళ్ళకి ఫోను చేసి చెప్పేసింది. తండ్రి పళ్ళేలు తోముతూ విన్నాడు. తోమిన పళ్ళేన్నే ఇంకోసారి తోమాడు.

వెళ్ళే రోజున బన్ను తల్లికి చాలా జాగ్రత్తలు చెప్పింది. అక్కడ ఎవరైనా పక్క మంచం మీద అరిస్తే లేపొద్దు, నీళ్ళు చల్లొద్దు, పొద్దున్న అడగొద్దు. తల్లి అన్నిటికీ తలూపింది. తండ్రి దగ్గర నేర్చుకున్న ఊపు, ఒకసారి.

మొదటి రాత్రి కూతురు ఫోను చేసింది. కొట్టు కట్టేశారు. పెద్దాయన భట్టీ ముందు స్టూలు మీద ఉన్నాడు. మోత రాకుండా ఫోను మైదా బస్తా మీద, మసిగుడ్డ కింద పెట్టుకున్నాడు. అది గుడ్డ కింద వణికితే తీసి చెవికి పెట్టాడు.

"పడుకుందా నాన్నా?"

"పడుకుంది."

"అరిచిందా?"

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "అరిచింది. నిన్ను పంపిన రోజు కదా."

అవతల దూరంగా ఎక్కడో రైలు కూత వినిపించింది.

"మరి?"

"మళ్ళీ పడుకుంది."

"అమ్మ?"

"మీ అమ్మ కూడా పడుకుంది."

కూతురు ఊపిరి వదలడం ఆయనకి వినిపించింది. పొద్దున్నే లేవాలి, రేపు జెండాలు ఇస్తారట అని చెప్పి ఫోను పెట్టేసింది.

జేబులో టైమరు కిచకిచమంది. పెద్దాయన మసిగుడ్డ చేతికి చుట్టుకుని, ముందు ముక్కు ఎగబీల్చి చూసుకుని, తర్వాత భట్టీ తలుపు తెరిచాడు. రస్కులు ఎర్రగా, చక్కగా ఆరి ఉన్నాయి.